పాత విమానమా, కొత్త విమానమా: మన టికెట్ వెనక లెక్క

ఈ వారం ఎపిసోడ్ రాతప్రతి ఇది. డ్యూటీలో వినడం కుదరనివాళ్ల కోసం, చదివి ఇంటికి పంపాలనుకునేవాళ్ల కోసం, మాట్లాడింది మాట్లాడినట్టే పెడుతున్నాం.

క్యాంపు బస్సులో ఇయర్‌ఫోన్ పెట్టుకుని కూర్చున్నవాళ్లకి, నైట్ డ్యూటీలో ఉన్న సెక్యూరిటీ తమ్ముళ్లకి, ఇళ్లలో పనిచేసే అక్కచెల్లెళ్లకి, శుక్రవారం రూంలో బిర్యానీ వండుకుంటూ వింటున్నవాళ్లకి, అందరికీ స్వాగతం.

దమ్మామ్ నుంచి ఒక తమ్ముడు వాయిస్ మెసేజ్ పెట్టాడు. "అన్నా, చుట్టీ మీద ఇంటికి పోతున్న. రెండు టికెట్లు చూసిన. ఒకదానికి నూటయాభై రియాళ్లు తక్కువుంది. కానీ అది పాత విమానమని రూంల అంటున్రు. ఇంటికాడ అమ్మ పాత విమానం ఎక్కకు బిడ్డా అంటోంది. ఏం చెయ్యమంటవ్?"

2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో ఎయిరిండియా విమానం కూలి 260 మంది ప్రాణాలు పోయాక ఈ ప్రశ్న ప్రతి రూంలోనూ వినిపిస్తోంది. ఆ విమానం 2014 జనవరిలో సంస్థ చేతికి వచ్చింది. అంటే పదకొండేళ్లది. దాని కారణం తేల్చాల్సింది దర్యాప్తు చేసేవాళ్లు, మనం కాదు. కానీ "పాతది ఎక్కొచ్చా" అని అమ్మ అడిగితే జవాబు చెప్పాల్సింది మాత్రం మనమే. అందుకే ఈ ఎపిసోడ్.

నా మాట ముందే చెప్పేస్తాను. విమానం పాతదని భయపడొద్దు. కొత్తదని ధీమా కూడా వద్దు. చూడాల్సింది దాన్ని ఎవరు చూసుకుంటున్నారు, ఎవరు నడుపుతున్నారు అన్నది. పాతది ఉంచుకోవాలా, కొత్తది కొనాలా అన్నది విమాన సంస్థకి ప్రధానంగా డబ్బు లెక్క. ఆ లెక్కలో మన టికెట్ రేటు ఉంది, మనకి సీటు దొరకడం దొరక్కపోవడం కూడా ఉంది.

విమానానికి వయసు ఏళ్లలో ఉండదు

నేను బండ్ల గ్యారేజీలో పనిచేసేవాణ్ణి కాబట్టి నాకు తెలిసిన భాషలోనే మొదలుపెడతాను. ఒక పికప్ కొనేముందు మీరు ఏం అడుగుతారు? మోడల్ ఏ సంవత్సరం అని అడుగుతారు. వెంటనే ఎన్ని కిలోమీటర్లు తిరిగింది అని కూడా అడుగుతారు. పదేళ్ల బండి అయినా ఎనభై వేలే తిరిగితే మంచి బేరం. నాలుగేళ్ల బండి నాలుగు లక్షలు తిరిగితే దగ్గరికి కూడా పోరు.

విమానానికి కూడా అంతే. అక్కడ ఇంకో లెక్క ఉంటుంది. ఎన్నిసార్లు పైకి లేచి కిందికి దిగిందన్న లెక్క. ఎందుకంటే విమానం పైకి వెళ్లినప్పుడు లోపల మనం ఊపిరి పీల్చుకోడానికి గాలి ఒత్తిడి పెడతారు. బయట గాలి పలచగా ఉంటుంది. దాంతో విమానం ఒళ్లు బెలూన్‌లా కొంచెం ఉబ్బుతుంది. కిందికి దిగాక మామూలవుతుంది. ఒక ఇనుప తీగని పట్టుకుని పదే పదే వంచుతుంటే ఒకచోట పుటుక్కుమంటుంది చూడండి, లోహం అలా అలిసిపోతుంది.

దీనికి ప్రపంచం మొత్తానికి పాఠం చెప్పిన సంఘటన ఒకటుంది. 1988 ఏప్రిల్ 28న అమెరికాలోని హవాయి దీవుల్లో అలోహా ఎయిర్‌లైన్స్ బోయింగ్ 737 గాల్లో ఉండగానే ముందు భాగం పైకప్పు ఊడిపోయింది. ఒక ఎయిర్ హోస్టెస్ చనిపోయింది. పైలట్లు ఆ పైకప్పులేని విమానాన్నే దింపి మిగతా అందరినీ బతికించారు. ఆ విమానం వయసు 19 ఏళ్లు. అసలు విషయం వయసు కాదు. అది చిన్న దీవుల మధ్య తిరిగేది, ఒక్కో ప్రయాణం సగటున అరగంట లోపే. అలా 89,680 సార్లు లేచి దిగింది. దాన్ని తయారుచేసినప్పుడు వేసుకున్న అంచనా 75,000. పైగా సముద్రపు ఉప్పుగాలి. పగుళ్లు మొదలైనా సంస్థ తనిఖీల్లో పట్టుకోలేదని దర్యాప్తు తేల్చింది.

ఆ తర్వాతే పాత విమానాలకి ప్రత్యేక తనిఖీలు, ఎక్కడెక్కడ పగుళ్లు వెతకాలి, ఏ భాగం ఎన్ని ప్రయాణాలకి మార్చాలి అన్న నియమాలు గట్టిపడ్డాయి. ఈ రోజు పాత విమానం ఎగురుతోందంటే ఆ నియమాలు దాటుకునే ఎగరాలి. దుబాయ్ నుంచి అమెరికాకి పద్నాలుగు గంటలు పోయే పెద్ద విమానం రోజుకి ఒకటి రెండుసార్లే లేస్తుంది, దిగుతుంది. మస్కట్, హైదరాబాద్, మళ్లీ మస్కట్ అని తిరిగే చిన్న విమానం నాలుగుసార్లు. ఇద్దరికీ పదేళ్లే వయసైనా ఒళ్లు మాత్రం ఒకటి కాదు.

మన రూట్లలోనే జరిగిన రెండు ప్రమాదాలు

వయసుకీ ప్రమాదానికీ సంబంధం ఎంత? మనలాంటివాళ్లు ప్రయాణించిన రెండు విమానాల సంగతి చూడండి.

2010 మే 22. దుబాయ్ నుంచి మంగళూరు వచ్చిన ఎయిరిండియా ఎక్స్‌ప్రెస్ విమానం రన్‌వే దాటి లోయలో పడింది. 166 మందిలో 158 మంది చనిపోయారు. అందులో ఎక్కువమంది గల్ఫ్‌లో పనిచేసుకునేవాళ్లు, వాళ్ల కుటుంబాలు. ఆ విమానం 2008 జనవరిలో వచ్చింది. అంటే రెండున్నరేళ్లు కూడా నిండలేదు. కొత్త బండి కింద లెక్క. విమానం సరైన ఎత్తులో, సరైన వేగంలో దిగట్లేదని తెలిసినా, మళ్లీ పైకి లేపుదామని పక్క పైలట్ చెప్పినా కెప్టెన్ దింపడానికే చూశాడని విచారణ తేల్చింది.

2020 ఆగస్టు 7. కరోనా కాలంలో మనవాళ్లని ఇంటికి చేర్చే వందే భారత్ విమానం. దుబాయ్ నుంచి కోళికోడ్ వచ్చి వానలో రన్‌వే దాటి పడిపోయింది. 190 మందిలో 21 మంది చనిపోయారు, అందులో ఇద్దరు పైలట్లు. ఆ విమానం 2006లో వచ్చింది, పదమూడేళ్లు దాటింది. అక్కడ కూడా పైలట్ నిర్దేశించిన పద్ధతి పాటించకుండా రన్‌వే మీద చాలా ముందుకి పోయి దిగడమే కారణమని దర్యాప్తు నివేదిక చెప్పింది. సంస్థ వ్యవస్థలో ఉన్న లోపాలని కూడా అది ఎత్తిచూపింది.

ఒకటి రెండేళ్లది, ఒకటి పదమూడేళ్లది. రెండింట్లోనూ విమానం వయసు కారణం కాదు. ట్రైనింగ్, అలసట, నియమం పాటించే అలవాటు, సంస్థ క్రమశిక్షణ, ఇవీ కారణాలు. పోయినవాళ్లందరూ సూట్‌కేసులో పిల్లల బట్టలు, చాక్లెట్లు పెట్టుకుని బయల్దేరిన మనలాంటివాళ్లే. వాళ్లకి మనం ఇవ్వాల్సిన గౌరవం ఏంటంటే, సరైన ప్రశ్న అడగడం నేర్చుకోవడం.

కిస్తీ ఎక్కువా, రిపేరు ఎక్కువా

ఇప్పుడు విమాన సంస్థ యజమాని కుర్చీలో కూర్చుని ఆలోచిద్దాం. ఊళ్లో ట్రాక్టర్ ఫైనాన్స్‌లో తీసినవాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది. కొత్తది తీస్తే నెలనెలా కిస్తీ. పాతది ఉంచుకుంటే డీజిల్, రిపేరు.

ఎయిర్‌బస్ ఏ320 నియో అనే విమానం ధరల పట్టికలో 2018లో ఉన్న రేటు 11 కోట్ల డాలర్లకి పైనే. ఎవరూ ఆ రేటుకి కొనరు, ఎక్కువ కొనేవాళ్లకి పెద్ద తగ్గింపులుంటాయి. అయినా పెద్ద మొత్తమే. అందుకే ప్రపంచంలో దాదాపు సగం విమానాలు అద్దెవి. విమానాలు కొని అద్దెకిచ్చే పెద్ద కంపెనీలు చాలావరకు ఐర్లండ్ నుంచి నడుస్తాయి. మనం ఎక్కే విమానం మీద ఒక సంస్థ పేరుంటుంది, కానీ యజమాని వేరే ఉండొచ్చు. ట్యాక్సీ నడిపేది ఒకరు, బండి ఓనర్ ఇంకొకరు అన్నట్టు.

కొత్తదాంట్లో లాభం ఏంటి? మొదట ఇంధనం. విమాన సంస్థ ఖర్చులో పావు వంతు నుంచి మూడో వంతు దాకా ఇంధనానికే పోతుంది. ఏ320 నియోలాంటి కొత్త తరం విమానాలు పాత ఏ320 కంటే 15 నుంచి 20 శాతం తక్కువ తాగుతాయి. పాతది గంటకి సుమారు రెండున్నర టన్నులు తాగుతుందనుకోండి. హైదరాబాద్, దుబాయ్ ప్రయాణానికి మూడున్నర గంటల పైమాటే. అంటే ఒక్క ట్రిప్పుకే టన్నుకి పైగా మిగులు. రోజుకి నాలుగు ట్రిప్పులు, ఏడాది పొడుగునా వేసుకోండి.

అందుకే ఈ నిర్ణయం చమురు ధరతో పాటు ఊగుతుంది. 2008 జులైలో బ్యారెల్ 147 డాలర్లకి పోయినప్పుడు పాత విమానాలు గుదిబండలయ్యాయి. 2016 జనవరిలో 30 డాలర్ల కిందికి పడినప్పుడు అవే పాత విమానాలు ముద్దొచ్చాయి. మనం ఇక్కడ చూస్తూనే ఉన్నాం, చమురు పెరిగితే గల్ఫ్ కంపెనీలకి పనులు పెరుగుతాయి. అదే రోజు విమాన సంస్థ మేనేజర్ తల పట్టుకుంటాడు.

మరి పాతదాంట్లో లాభం? దాని అప్పు తీరిపోయి ఉంటుంది. కిస్తీ ఉన్న విమానం రోజుకి పన్నెండు గంటలైనా గాల్లో ఉండాలి, లేకపోతే అసలు రాదు. అప్పు తీరిన విమానం మంగళవారం ఖాళీగా నిలబడినా నష్టం తక్కువ. అమెరికాలో అల్లీజియంట్ అనే సంస్థ చాలా ఏళ్లు ఇదే పద్ధతి మీద నడిచింది. పాత ఎండీ-80 విమానాలు చవగ్గా కొని, గిరాకీ ఉన్న రోజుల్లోనే తిప్పేది. 2018లో వాటిని పూర్తిగా మానేసింది. డెల్టా లాంటి పెద్ద సంస్థ కూడా 2014 జనవరి దాకా డీసీ-9లని, 2020 జూన్ దాకా ఎండీ-88లని నడిపింది. అది గుడ్డిగా చేసింది కాదు. దానికి సొంతంగా పెద్ద రిపేరు విభాగం ఉంది. పాతదాన్ని ఉంచుకోవడం ధైర్యం మీద ఆధారపడదు, మంచి మెకానిక్‌ల మీద ఆధారపడుతుంది.

మన దేశంలో ఇండిగో దీనికి సరిగ్గా వ్యతిరేకం చేసింది. ఒకేసారి వందల విమానాలకి ఆర్డర్ ఇచ్చి తక్కువ ధర తెచ్చుకోవడం, చేతికి రాగానే అద్దె కంపెనీకి అమ్మి వాళ్ల దగ్గరే అద్దెకి తీసుకోవడం, సుమారు ఆరేళ్లకి తిరిగి ఇచ్చేయడం. ఎందుకు ఆరేళ్లు? విమానాలకి ఆరేళ్లకోసారి, పన్నెండేళ్లకోసారి పెద్ద చెకప్‌లు వస్తాయి. సీట్లు, గోడల ప్యానెళ్లు, టాయిలెట్లు అన్నీ ఊడదీసి లోపలి లోహం బయటపడేదాకా విప్పుతారు. వారాలు పడుతుంది, కోట్లు పడతాయి. ఆ పెద్ద ఖర్చు రాకముందే బండి మార్చేయడం అన్నమాట. ఊళ్లో కూడా కొందరు అంతే కదా, టైర్లు అరగకముందే బండి అమ్మేస్తారు.

కొత్తవాటికీ జబ్బులు వస్తాయి

కొత్తొక వింత, పాతొక రోత అని మన పెద్దవాళ్లు ఊరికే అనలేదు. కానీ కొత్త విమానాల సంగతి కొంచెం చూడండి.

బోయింగ్ 737 మ్యాక్స్. 2018 అక్టోబర్ 29న ఇండోనేషియాలో లయన్ ఎయిర్ విమానం, 2019 మార్చి 10న ఇథియోపియన్ ఎయిర్‌లైన్స్ విమానం కూలిపోయాయి. రెండూ కలిపి 346 మంది. మొదటిది సంస్థకి వచ్చి మూడు నెలలు నిండలేదు. రెండోది నాలుగు నెలలది. ఒకే ఒక్క సెన్సర్ తప్పుగా చెబితే ముక్కుని కిందికి తోసేసే కంప్యూటర్ వ్యవస్థ, దాని గురించి పైలట్లకి సరిగ్గా చెప్పకపోవడం, ఇదీ మూలం. ప్రపంచమంతా ఆ రకాన్ని ఆపేశారు. మార్పులు చేశాక అమెరికాలో 2020 నవంబర్‌లో, మన దేశంలో 2021 ఆగస్టులో మళ్లీ ఎగరనిచ్చారు.

ఖతార్ ఎయిర్‌వేస్. 2021లో తన కొత్త ఎయిర్‌బస్ ఏ350 విమానాల పైపూత, దాని కింది పొర చెడిపోతున్నాయని చాలా విమానాలని ఆపేసింది. ఎయిర్‌బస్‌తో కోర్టు దాకా పోయింది. 2023 ఫిబ్రవరిలో రాజీ కుదిరింది. ఆ కొరత తీర్చడానికి ఏం చేసిందో తెలుసా? పక్కన పెట్టేసిన పాత ఏ380లని మళ్లీ బయటికి తీసింది. ఆ ఏ380లు కొనడమే మా పెద్ద తప్పు అని ఆ సంస్థ అధిపతి అంతకుముందే అన్నాడు. వద్దనుకున్న పాతదే ఆపదలో ఆదుకుంది.

మన గో ఫస్ట్. ఇంధనం తక్కువ తాగే కొత్త ఏ320 నియోలే దాని బలం అనుకున్నారు. వాటి ప్రాట్ అండ్ విట్నీ ఇంజన్లు పదే పదే చెడిపోయి, మార్చడానికి ఇంజన్లు దొరక్క, దాదాపు సగం విమానాలు నేల మీదే ఉండిపోయాయి. 2023 మే మొదట్లో సంస్థ దివాలా పిటిషన్ వేసి విమానాలు ఆపేసింది. టికెట్ కొన్న జనం, జీతం రావాల్సిన ఉద్యోగులు ఎక్కడివాళ్లక్కడ ఉండిపోయారు. అదే రకం ఇంజన్ల వల్ల ఇండిగోకి కూడా 2024 మొదట్లో డెబ్బైకి పైగా విమానాలు ఆగిపోయాయి. దాంతో ఆరేళ్లకే బండి మార్చే ఇండిగో కూడా పాత ఏ320లని అద్దెకి తెచ్చుకుని నడపాల్సి వచ్చింది.

అంటే కొత్తది చెడ్డదని కాదు. కొత్త మోడల్‌కి మొదటి కొన్నేళ్లు దాని జబ్బులేంటో ఎవరికీ పూర్తిగా తెలియవు. పాత మోడల్ జబ్బులు అందరికీ తెలుసు, మందు కూడా తెలుసు.

కొత్తవి కావాలన్నా దొరకట్లేదు

ఇంకో సంగతి. ఈ రోజుల్లో చాలా సంస్థలు పాతవాటిని ఇష్టపడి ఉంచుకోవడం లేదు. కొత్తవి రాక ఉంచుకుంటున్నాయి.

ఎమిరేట్స్‌నే తీసుకోండి. 2013 దుబాయ్ ఎయిర్‌షోలో 150 బోయింగ్ 777ఎక్స్ విమానాలకి ఆర్డర్ ఇచ్చింది. 2020లో మొదటిది రావాలి. ఏళ్లు గడిచాయి, తేదీ జరుగుతూనే ఉంది. 2025 అక్టోబర్‌లో బోయింగ్ చెప్పిన మాట ప్రకారం మొదటిది 2027లో. అటుపక్క ఏ380 తయారీ ఆపేస్తున్నామని ఎయిర్‌బస్ 2019లోనే చెప్పేసింది. చివరి ఏ380ని 2021 డిసెంబర్‌లో ఎమిరేట్సే తీసుకుంది.

ఇక ఏం చేస్తుంది? ఉన్న ఇంటికే రిపేర్లు చేయించుకుంది. పాత ఏ380లు, 777లు మొత్తం 219 విమానాలకి సీట్లు, కార్పెట్లు, ప్యానెళ్లు మార్చే పని పెట్టుకుంది. ఖర్చు 500 కోట్ల డాలర్లు. ఆ పని దుబాయ్‌లో తన సొంత వర్క్‌షాపులోనే చేసుకుంటోంది. ఎయిరిండియా కూడా అంతే. 2022 జనవరిలో టాటాల చేతికి వచ్చాక, 2023 ఫిబ్రవరిలో 470 కొత్త విమానాలకి ఆర్డర్ ఇచ్చింది. అవి వచ్చేదాకా ఆగలేక పాతవాటి లోపలి భాగాలు మార్చడానికి 40 కోట్ల డాలర్లు పెట్టింది. చివరికి సీట్లు తయారుచేసే కంపెనీలు కూడా ఆలస్యం చేయడంతో ఆ పనీ నెమ్మదిగానే సాగింది.

ప్రపంచ విమాన సంస్థల సంఘం ఐఏటీఏ 2024 చివర్లో చెప్పిన లెక్క ఇది. ఆర్డర్ ఇచ్చి ఎదురుచూస్తున్న విమానాలు 17,000. ప్రపంచంలో తిరిగే విమానాల సగటు వయసు 14.8 ఏళ్లు, అప్పటిదాకా ఎన్నడూ అంత లేదు. 2018లో ఏడాదికి 1,800కి పైగా కొత్త విమానాలు చేతికొస్తే, 2024లో వచ్చినవి సుమారు 1,250.

ఇది మన జేబులోకి ఎలా వస్తుంది

సంక్రాంతికి, దసరాకి, ఈద్‌కి, ఇక్కడ స్కూళ్ల వేసవి సెలవులకి టికెట్ రేటు రెండింతలు, మూడింతలు ఎందుకవుతుందని అడుగుతుంటారు కదా. ఒక కారణం సీట్లు పెరగకపోవడం. కొత్త విమానం రావాలి, పాతదాన్ని తీసేయకూడదు, అప్పుడే సీట్లు పెరుగుతాయి. కొత్తది రాకపోతే, లేదా ఇంజన్ లేక నిలబడిపోతే, ఉన్న సీట్ల కోసమే అందరూ ఎగబడాలి. పాత విమానం మన టికెట్ ధరకి ఒక రకంగా గొడుగు లాంటిది. అది కూడా లేకపోతే ధర ఇంకా మండుతుంది.

రెండో కారణం విమానాలతో పనిలేనిది. రెండు దేశాల మధ్య వారానికి ఎన్ని సీట్లు నడపొచ్చో ప్రభుత్వాలు ఒప్పందం చేసుకుంటాయి. దుబాయ్‌కి ఆ కోటా ఒక్కో వైపు వారానికి సుమారు 66 వేల సీట్ల దగ్గర ఏళ్ల తరబడి నిలిచిపోయింది. కువైట్‌కి 12,000గా ఉన్నదాన్ని 2025 జులైలో 18,000కి పెంచారు. కడప, రాజంపేట వైపు నుంచి కువైట్‌లో ఉన్నవాళ్లకి ఇది మంచి వార్తే. కానీ కోటా పెంచితే సరిపోదు, ఆ సీట్లు మోసే విమానాలు ఉండాలి. చెరువు తవ్వడం ఒకటి, అందులో నీళ్లు రావడం ఇంకొకటి.

ఇంకో మాట. కొత్త విమానం అంటే కాళ్లకి చోటు ఎక్కువ అనుకోకండి. ఇండిగో పాత ఏ320లో 180 సీట్లుంటే కొత్త నియోలో 186 పెట్టింది. పలచని సీట్లు, వెనక టాయిలెట్లు ఇరుకు చేసి ఆ చోటు తీశారు. మిగిలిన ఇంధనం వాళ్లది, మోకాళ్లు మనవి. దూర ప్రయాణాలకి మాత్రం తేడా నిజంగానే ఉంది. 787, ఏ350 లాంటివాటిలో లోపలి గాలి ఒత్తిడి, తేమ పాతవాటికంటే బాగుంటాయి. తలనొప్పి, గొంతు ఎండిపోవడం తక్కువ. దోహా మీదుగా అమెరికా పోయేవాళ్లకి ఇది తెలుస్తుంది.

ఆ మెకానిక్‌లు మన శంషాబాద్‌లో కూడా ఉన్నారు

పాత విమానాన్ని నిలబెట్టే పని ఎక్కడో జరుగుతుందనుకోకండి. శంషాబాద్ ఎయిర్‌పోర్టు పక్కనే జీఎంఆర్ ఏరో టెక్నిక్ అనే చోట విమానాలకి పెద్ద చెకప్‌లు చేస్తారు. ప్రయాణికుల విమానాలుగా పని అయిపోయిన 737లని సరుకు మోసే విమానాలుగా మార్చే లైన్ అక్కడే పెడతామని బోయింగ్ 2023లో ప్రకటించింది. 2025 నవంబర్‌లో ఫ్రాన్స్‌కి చెందిన సఫ్రాన్ సంస్థ హైదరాబాద్‌లో లీప్ ఇంజన్ల రిపేరు కేంద్రాన్ని ప్రారంభించింది. ఏ320 నియో రకాల్లో చాలావాటికి, 737 మ్యాక్స్‌లన్నిటికీ ఆ ఇంజన్లే.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, ఇక్కడ మనలో షీట్ మెటల్ పని, పెయింటింగ్, ఎలక్ట్రికల్, ఏసీ పని చేసేవాళ్లు వేలమంది ఉన్నారు. ఇంటికాడ ఇంటర్, ఐటీఐ చదివే తమ్ముడో మేనల్లుడో ఉంటాడు. విమానాల మెయింటెనెన్స్ ఇంజనీర్ లైసెన్స్ కోర్సు ఉంటుంది, మన దేశంలో పౌర విమానయాన డైరెక్టరేట్ అనుమతి ఉన్న కాలేజీల్లోనే చేయాలి. అనుమతి ఉందా లేదా చూడకుండా లక్షలు కట్టొద్దు.

టికెట్ కొనేముందు ఏం చూడాలి

మొదటిది. విమానం వయసు తెలుసుకోవాలని ఉంటే దాని తోక దగ్గర రాసి ఉండే రిజిస్ట్రేషన్ నంబర్ చూడండి. మన దేశానిది వీటీతో, యూఏఈది ఏ6తో, ఖతార్‌ది ఏ7తో, కువైట్‌ది 9కేతో, సౌదీది హెచ్‌జెడ్‌తో మొదలవుతుంది. ఫ్లైట్‌రాడార్24 లాంటి సైట్లలో ఆ నంబర్ కొడితే విమానం వివరాలు వస్తాయి. సరదాకి చూసుకోండి. దాన్నిబట్టి టికెట్ మాత్రం కొనకండి.

రెండోది. సంస్థని చూడండి. ఐఏటీఏ చేసే భద్రతా తనిఖీ పాసైన సంస్థల పట్టిక, ఐఓఎస్‌ఏ అంటారు, దాన్ని ఎవరైనా ఇంటర్నెట్‌లో ఉచితంగా చూడొచ్చు. యూరప్ దేశాలు రానివ్వని సంస్థల పట్టిక కూడా బయటే ఉంటుంది. ఎప్పుడూ పేరు వినని సంస్థలో చవగ్గా టికెట్ దొరికితే ఈ రెండూ చూడండి. అయిదు నిమిషాల పని.

మూడోది, మన బతుకులకి అన్నిటికంటే ముఖ్యమైనది. పాతదైనా కొత్తదైనా విమానం చెడిపోవడం వల్ల మనకి ఎక్కువగా జరిగే నష్టం ప్రాణనష్టం కాదు, ఆలస్యం. ఒకరోజు లేటైతే సాఫ్ట్‌వేర్ ఉద్యోగి ఇంట్లోంచి పని చేసుకుంటాడు. మన ఎగ్జిట్ రీ-ఎంట్రీ గడువు దాటితే? డ్యూటీలో చేరే తేదీ దాటితే? అందుకే వీసా గడువు చివరి రోజుకో, డ్యూటీ ముందు రోజుకో తిరుగు టికెట్ పెట్టుకోకండి. కనీసం మూడు నాలుగు రోజుల ముందు పెట్టుకోండి.

నాలుగోది. వంద విమానాలున్న సంస్థలో ఒకటి చెడితే ఇంకోటి తెస్తారు. అయిదారు విమానాలున్న సంస్థలో ఒకటి చెడితే అది బాగయ్యేదాకా మనం కుర్చీల్లోనే. రోజుకి రెండు మూడు ఫ్లైట్లున్న రూట్ అయితే తర్వాతదాంట్లో ఎక్కిస్తారు. వారానికి రెండే ఉంటే కష్టం. నూటయాభై రియాళ్ల తేడా చూసేటప్పుడు ఇది కూడా లెక్కలో వేసుకోండి.

అయిదోది. మధ్యలో విమానం మారేదుంటే రెండూ ఒకే టికెట్ మీద ఉండాలి. వేరువేరుగా కొంటే మొదటిది లేటై రెండోది పోయినా ఎవరూ బాధ్యత తీసుకోరు.

ఇక దమ్మామ్ తమ్ముడికి జవాబు. ఆ చవక టికెట్ ఇచ్చే సంస్థ పట్టికలో ఉంటే, రూట్లో రోజూ ఫ్లైట్ ఉంటే, నీ వీసాకి గడువు చేతిలో ఉంటే, ఆ పాత విమానమే ఎక్కు. మిగిలిన నూటయాభై రియాళ్లు అమ్మ చేతిలో పెట్టు. ఇవేవీ లేకపోతే మాత్రం, విమానం నిన్న ఫ్యాక్టరీ నుంచి వచ్చిందని చెప్పినా ఆ టికెట్ వద్దు.

వచ్చే వారం ఎయిర్‌పోర్టులో లగేజీ బరువు, కార్గోలో సామాను పంపడం గురించి మాట్లాడుకుందాం. ప్రశ్నలు వాయిస్ మెసేజ్‌లో పంపండి. అందరూ జాగ్రత్త. ఎండలు ఎక్కువగా ఉన్నాయి, నీళ్లు తాగుతూ ఉండండి. నమస్తే.